మనకు అరవై శాతం, వాళ్లకు ఒకటిన్నర కూడా కాదు: ఒక ఇంటర్మీడియట్స్ యూనిట్ కేసు

నేపథ్యం

హైదరాబాద్ శివార్లలోని పారిశ్రామికవాడల్లో ఒకదానిలో ఉందీ యూనిట్. పెద్ద మందుల కంపెనీలకు కావలసిన ఇంటర్మీడియట్స్, అంటే మందు తయారీలో మధ్య దశ రసాయనాలు, తయారుచేస్తారు. టర్నోవర్ 90 కోట్లు. సొంత ఉద్యోగులు, కార్మికులు కలిపి 210 మంది, కాంట్రాక్ట్ మీద ఇంకో 160 మంది. కుటుంబ యాజమాన్యం, షేర్ మార్కెట్ గొడవ లేదు. అమ్మకాల్లో 60 శాతం ఒకే కస్టమర్‌కి వెళ్తుంది. ఆ కస్టమర్ మాత్రం లిస్టెడ్ కంపెనీ, మార్కెట్ విలువలో దేశంలోని మొదటి 250లో ఒకటి. గుర్తుపట్టే వీలున్న వివరాలు వదిలేశాను. అంకెలు కాస్త మార్చాను కానీ వాటి మధ్య నిష్పత్తులు చెడకుండా చూశాను.

నేను కాస్ట్ అకౌంటెంట్‌ని. ఈ యూనిట్‌కి ఆడిట్ చేసేది వేరొకరు, నా నంబరు ఇచ్చింది ఆయనే.

2025 జనవరిలో యజమాని ఫోన్ చేశారు. "అమ్మా, సెబీ నుంచి నోటీసొచ్చింది. మార్చి 31 లోపు కార్బన్ లెక్కలు ఇవ్వకపోతే ఆర్డర్లు ఆపేస్తారట. ఫైన్ ఎంత పడుతుంది?" అరవై దాటిన మనిషి, నలభై ఏళ్లుగా ఫ్యాక్టరీ నడుపుతున్నారు, గొంతులో టెన్షన్ తెలుస్తోంది. నోటీసు వాట్సాప్‌లో పెట్టమన్నాను. వచ్చింది నోటీసు కాదు, కస్టమర్ పర్చేజ్ విభాగం నవంబర్‌లో పంపిన ఈమెయిల్. దానికి 184 ప్రశ్నల ఎక్సెల్ షీట్ జతచేశారు. పైన మాత్రం 'సెబీ (షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ) నిబంధనల ప్రకారం తప్పనిసరి' అన్న అర్థంలో ఎర్రక్షరాల్లో ఉంది.

నేను వెళ్లేసరికే జరిగినవి

డిసెంబర్‌లో ఒక ఏజెన్సీకి మూడు లక్షలిచ్చి 'ఈఎస్‌జీ రిపోర్ట్' (పర్యావరణం, సమాజం, పాలనల మీద నివేదిక) చేయించారు. 48 పేజీలు, మంచి ఆర్ట్ పేపరు. మొక్కలు నాటుతున్న ఫొటోలు, స్కూల్లో బెంచీలు పంచుతున్న ఫొటోలు, యజమాని సందేశం. కార్బన్ గురించి ఒకే ఒక్క అంకె, దాన్ని ఎలా లెక్కేశారో ఎక్కడా లేదు. కస్టమర్ దాన్ని రెండు లైన్ల మెయిల్‌తో తిప్పి పంపారు: మేం అడిగింది షీట్ నింపమని, రిపోర్ట్ కాదు.

ఏజెన్సీని పూర్తిగా తప్పుపట్టలేను. రిపోర్ట్ కావాలన్నారు, రిపోర్ట్ ఇచ్చారు. కస్టమర్‌కి నిజంగా కావలసిందేమిటని అడిగినవాళ్లు లేరు.

మొదటి నిర్ణయం: ఈ నిబంధన ఎవరి మీద పడుతుంది?

షీట్ తెరిచి నింపడం మొదలుపెడదామని యజమాని తొందర. నేను ఒక వారం ఆపాను. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు పరిగెత్తే ముందు, రూల్ అసలు ఏమందో చదవాలి.

సంగతి ఇది. 2021 మేలో సెబీ బీఆర్ఎస్ఆర్ అనే నివేదిక నమూనా తెచ్చింది. వ్యాపార బాధ్యత, సుస్థిరతల మీద వార్షిక నివేదికతో పాటు ఇవ్వాల్సిన పత్రం అది. 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలకు తప్పనిసరి. 2023 జూలైలో దాని లోంచి తొమ్మిది అంశాలు విడదీసి 'బీఆర్ఎస్ఆర్ కోర్' అన్నారు: కర్బన ఉద్గారాలు, నీళ్లు, కరెంటూ ఇంధనం, వ్యర్థాలు, కార్మికుల సంక్షేమం భద్రత, మహిళల వాటా, చిన్న సరఫరాదారుల నుంచి కొనుగోళ్లలాంటివి, కస్టమర్లతో సప్లయర్లతో న్యాయంగా ఉండటం, లావాదేవీల్లో పారదర్శకత. ఈ అంకెల్ని బయటివాళ్లతో తనిఖీ కూడా చేయించాలి. ఆ సర్క్యులర్‌లోనే మొదటి 250 కంపెనీలు తమ సప్లయర్ల అంకెలు కూడా 2024-25 నుంచి ఇవ్వాలనీ, ఇవ్వలేకపోతే కారణం చెప్పాలనీ ఉంది. మా యజమానికొచ్చిన మెయిల్ పుట్టింది అక్కడే.

అంటే బాధ్యత కస్టమర్‌ది. లిస్ట్ కాని ఈ యూనిట్ ఈ విషయంలో సెబీకి జవాబుదారీ కాదు, ఫైన్ అన్న మాటే లేదు. ఇది చెప్పగానే ఆయన, "అయితే పక్కన పడేద్దామా?" అన్నారు. అక్కడే ఇంకో లెక్క చూడాల్సి వచ్చింది.

2024 డిసెంబర్‌లో సెబీ బోర్డు ఈ సప్లయర్ల నిబంధనను సడలించడానికి ఒప్పుకుంది. సర్క్యులర్ 2025 మార్చి 28న వచ్చింది. లిస్టెడ్ కంపెనీ మొత్తం కొనుగోళ్లలో ఒక్కొక్కరు విడిగా 2 శాతం, ఆపైన ఉన్న సప్లయర్లనే లెక్కలోకి తీసుకుంటారు. అందులోనూ 75 శాతం కొనుగోళ్లకు సరిపడినంత మందితో ఆపుకోవచ్చు. పైగా అది 2025-26 నుంచి, ఇష్టమైతేనే. కస్టమర్ వార్షిక నివేదిక ఎవరైనా చూడొచ్చు కాబట్టి ముడిసరుకు ఖర్చు, కొని అమ్మిన సరుకు కలిపి చూశాను, సుమారు 3,900 కోట్లు. మన యూనిట్ వాళ్లకు అమ్మేది 54 కోట్లు. 1.4 శాతం కూడా రావట్లేదు.

మనకు వాళ్లు 60 శాతం. వాళ్లకు మనం ఒకటిన్నర కూడా కాదు. రూల్ ప్రకారం మనం ఆ జాబితాలోనే లేం. కానీ రేపు రేటు కాంట్రాక్టు మీద సంతకం పెట్టేది రూల్ కాదు, పర్చేజ్ మేనేజర్. 60 శాతం వ్యాపారమిచ్చే మనిషి అడిగిన కాగితాన్ని 'మాకు వర్తించదు' అని తిప్పి పంపడం తెలివైన పని కాదని నా అభిప్రాయం. అదే సమయంలో 184 ప్రశ్నలకీ తలూపడం కూడా అనవసరం. సర్క్యులర్‌ని ఎదుటివాళ్లని కొట్టడానికి కాకుండా బేరానికి వాడుకుందామని నిర్ణయించాం. తొమ్మిది కోర్ అంశాలకు సంబంధించి, రికార్డు చూపించగలిగినవి 41 ప్రశ్నలు తేలాయి. అవి పక్కాగా ఇస్తాం, మిగతావి వచ్చే ఏడాది చూద్దాం అని రాశాం. రెండు వారాలు జవాబు లేదు. ఆ రెండు వారాలూ ఆయన నాకు రోజూ ఫోన్ చేశారు. తర్వాత సరేనని ఒక్క ముక్క వచ్చింది. వాళ్ల దగ్గరా ఇలాంటి షీట్లు వందల్లో ఉండి ఉంటాయి, నిజంగా నమ్మదగ్గవి కొన్ని దొరికితే చాలనుకున్నారేమో.

నేను చేసిన పొరపాటు

ఏప్రిల్‌లో 2024-25 సంవత్సరం లెక్కలు మొదలుపెట్టాం. ప్రతి విభాగానికీ ఒక షీట్ పంపి నింపమన్నాను. ఇప్పుడైతే అలా చెయ్యను. షీట్ పంపితే అందులో అంకె వస్తుంది, ఎక్కడి నుంచి వచ్చిందన్నది రాదు.

కరెంటు వరుసలో 42 లక్షల యూనిట్లు అని వచ్చింది. అకౌంట్స్ బిల్లులతో కూడా సరిపోయింది. నేను ముందుకెళ్లిపోయాను. జూన్‌లో కస్టమర్ తరఫున తనిఖీకొచ్చిన కుర్రాడు మొదటి బిల్లు చేతిలోకి తీసుకుని, "మేడమ్, ఇది కేవీఏహెచ్ కదా?" అన్నాడు. హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్‌కి డిస్కం బిల్లు వేసేది కేవీఏహెచ్ మీద, అంటే లైన్ లోంచి లాగిన మొత్తం మీద. ఉద్గారాల లెక్కకు కావలసింది కేడబ్ల్యూహెచ్, అంటే నిజంగా పనిలోకి వచ్చిన కరెంటు. రెండూ అదే బిల్లులో పక్కపక్కనే ఉంటాయి. డబ్బు కట్టేవాళ్ల కన్ను మాత్రం ఎప్పుడూ మొదటిదాని మీదే ఉంటుంది, నాదీ అంతే. ఈ రెండిటి నిష్పత్తి, అంటే పవర్ ఫ్యాక్టర్, 0.96, కాబట్టి అసలు వాడకం 40.3 లక్షలు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023-24కి ఇచ్చిన గ్రిడ్ గుణకం, యూనిట్‌కి 0.727 కిలోల కార్బన్ డయాక్సైడ్, వేస్తే 3,053 టన్నులు కాస్తా 2,930కి దిగింది. 120 టన్నుల పైచిలుకు లేని పాపాన్ని నెత్తినేసుకున్నాం. పాతికేళ్ల సర్వీసులో అంత సిగ్గుపడ్డ సందర్భాలు తక్కువ.

దాంతో అన్నీ మొదటి నుంచి చూశాం. ఈసారి షీట్ పంపలేదు. రిజిస్టర్ ఎక్కడుందో అక్కడికే వెళ్లి కూర్చున్నాను.

బొగ్గు దగ్గర పెద్దది దొరికింది. ఏజెన్సీ రిపోర్టులోని ఆ ఒకే ఒక్క అంకెను విప్పి చూస్తే, బ్రిటన్ ప్రభుత్వం ఏటా వేసే పట్టికలోని పారిశ్రామిక బొగ్గు గుణకం వాడారు. టన్ను బొగ్గుకి సుమారు 2.4 టన్నుల కార్బన్ డయాక్సైడ్. అది వాళ్ల బొగ్గుకి. మన బాయిలర్‌లో పడేది సింగరేణి బొగ్గు, ల్యాబ్ రిపోర్ట్ ప్రకారం స్థూల కెలోరిఫిక్ విలువ (మండితే వచ్చే వేడి) కిలోకి 4,000 కిలోకేలరీలు, తేమ ఆవిరవడానికి పోయే వేడి తీసేస్తే నికరం సుమారు 3,800. ఐపీసీసీ (వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) గుణకాలు నికర విలువ మీద పనిచేస్తాయి. ఈ తేడా తెలియక 4,000 వేసేవాళ్లే ఎక్కువ. గిగాజౌల్‌కి 96.1 కిలోల చొప్పున లెక్కేస్తే టన్ను బొగ్గుకి 1.53 టన్నులే. ఏడాదికి 2,400 టన్నుల బొగ్గు. ఏజెన్సీ లెక్కలో 5,760, మా లెక్కలో 3,670. అంత మంచి ఆర్ట్ పేపరు మీద రెండు వేల టన్నులు ఎక్కువ రాసి సంతకం పెట్టించారు!

లెక్క తగ్గడమే కాదు, పెరిగింది కూడా. చిల్లర్‌లో (చల్లబరిచే యంత్రంలో) ఆర్-404ఏ గ్యాస్ ఆ ఏడాది 60 కిలోలు నింపారు. పుస్తకాల్లో 'రిపేర్లు, మెయింటెనెన్స్' కింద పోయింది కాబట్టి ఎవరికీ ఇంధనంగా కనిపించలేదు. ఆ గ్యాస్ ఒక కిలో లీకైతే 3,900 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అంటే 234 టన్నులు, మా కరెంటు పొరపాటుకి దాదాపు రెండింతలు. మెకానిక్‌ని అడిగితే "ఏటా పడుతుంది మేడమ్, పాత కంప్రెసర్" అన్నాడు మామూలుగా. ప్రొడక్షన్‌లో ఒక కెమిస్ట్ అయితే తనంతట తనే వచ్చి, "మూడో స్టేజిలో రియాక్షన్‌లోనే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కదా, అది రాసుకున్నారా?" అని అడిగాడు. రాసుకోలేదు. చిన్నదే, కానీ కలిపాం.

బాయిలర్‌లో బొగ్గుతో పాటు వేరుశనగ పొట్టు బ్రికెట్లు కూడా వాడతారు. దాన్నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ మొత్తంలో కలపం, విడిగా చూపిస్తాం. మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ మాత్రం కలుపుతాం. "ఇది గ్రీన్ ఫ్యూయల్ కదా, సున్నా వెయ్యండి" అని యజమాని పట్టు. ఆ వాదన గంటసేపు నడిచింది, ఆ గంట ఇక్కడ రాయను.

వ్యర్థాలది తేలికగానే తెమిలింది. జూన్ 30 లోపు కాలుష్య నియంత్రణ మండలికిచ్చే ఫారం-4, లారీతో పాటు వెళ్లే ఫారం-10 మేనిఫెస్టులు ఉండనే ఉన్నాయి. వాటితో కలవని అంకె కస్టమర్‌కి ఇవ్వకూడదన్నదే మేం పెట్టుకున్న షరతు. నీళ్ల దగ్గర బోరు మీటరు ఎనిమిది నెలలుగా పనిచేయట్లేదు. పంపు నడిచిన గంటల్ని బట్టి అంచనా వేసి, అది అంచనా అని పక్కనే రాశాం.

సున్నా అని రాసిన ప్రమాదం

సేఫ్టీ షీట్‌లో పనిరోజులు పోయిన ప్రమాదాలు: సున్నా. గేటు దగ్గర ప్రమాదాలు లేని రోజుల బోర్డు కూడా అదే చెప్తోంది. ఈఎస్ఐ కాగితాలు తిరగేస్తుంటే కాంట్రాక్టర్ కోడ్ మీద ఒక యాక్సిడెంట్ రిపోర్ట్ కనబడింది. స్టీమ్ లైన్ తగిలి చెయ్యి కాలిన అబ్బాయి, తొమ్మిది రోజులు పనికి రాలేదు. సేఫ్టీ ఆఫీసర్ అబద్ధం రాయలేదు, ఆయన దృష్టిలో ఆ అబ్బాయి 'మన మనిషి' కాదు. కానీ బీఆర్ఎస్ఆర్‌లో కార్మికులంటే పర్మనెంట్ కానివాళ్లు కూడా.

యజమాని ముఖం వాడిపోయింది. "ఇది రాస్తే సైట్ ఆడిట్‌కొస్తారమ్మా. రాయకపోతే ఎవరికి తెలుస్తుంది?" నా ఆలోచన ఇలా సాగింది. ఈఎస్ఐ దగ్గర కాగితం ఉంది. కాంట్రాక్టర్ దగ్గర ఉంది. రేపు ఎప్పుడైనా అది బయటపడితే ఈ ఒక్క వరుస కాదు, మిగతా నలభై వరుసల మీద కూడా నమ్మకం పోతుంది. రాస్తే ఒకసారి ఆడిట్. ఇంకోటి, లెక్క సరిగ్గా వేయడానికి కూడా కాంట్రాక్ట్ వాళ్లు కావాలి. పది లక్షల పనిగంటలకు ఎన్ని ప్రమాదాలన్నది సూచిక. 370 మంది, 300 రోజులు, ఎనిమిది గంటల చొప్పున 8.88 లక్షల గంటలు, ఒక ప్రమాదం, సూచిక 1.13.

రాశాం. లైన్‌కి ఇన్సులేషన్ వేసిన ఫొటో, ఖర్చు బిల్లు జతచేశాం. ఆయన భయపడ్డట్టే సైట్ ఆడిట్ వచ్చింది, రెండు రోజులు ప్రొడక్షన్ నెమ్మదించింది, పధ్నాలుగు లోపాలు రాసి వెళ్లారు. నా సలహాకి ఖర్చు లేదని చెప్పుకోలేను.

మనది ఎంత, వాళ్లది ఎంత

మొత్తం ఉద్గారాలు సుమారు 7,000 టన్నులకు తేలాయి. అందులో తమ సరుకు వాటా ఎంతని కస్టమర్ అడిగారు. ఈ కేసులో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే.

అమ్మకాల విలువను బట్టి పంచితే 60 శాతం, అంటే 4,200 టన్నులు. చాలామంది చేసేది ఇదే, తేలిక కాబట్టి. కానీ రేటెక్కువ పలికిన సరుకు పొగ కూడా ఎక్కువ వదుల్తుందన్న లెక్క అది. రేపు రేటు పెంచుకుంటే కార్బన్ కూడా పెరుగుతుందా? బరువును బట్టి పంచితే 38 శాతమే. యజమానికి అది బాగా నచ్చింది. కానీ కస్టమర్ సరుకు ఆరు స్టేజిల్లో తయారయ్యేది, పక్క ఉత్పత్తులు రెండు మూడు స్టేజిలవి. కిలోకి కిలో సమానం అంటే ఫ్యాక్టరీ ముఖం చూసినవాళ్లెవరూ నమ్మరు.

అప్పుడు నా సొంత వృత్తి గుర్తొచ్చింది, ఆలస్యంగానే. మందులు, వాటి రసాయనాలు కాస్ట్ రికార్డుల నిబంధనల కిందకొస్తాయి. 2014 నాటి నిబంధనల ప్రకారం ఈ యూనిట్ ఏటా కాస్ట్ ఆడిట్ చేయించుకుంటోంది. ఆవిరి, కరెంటు, చిల్లింగ్ ఖర్చు ఏ ఉత్పత్తికి ఎంత వెళ్తుందో బ్యాచ్ రికార్డుల్లోని రియాక్టర్ గంటల్ని బట్టి అప్పటికే పంచిపెట్టి ఉంది. ఆడిటర్ సంతకం కూడా ఉంది. ఆవిరి ఖర్చు ఎటు వెళ్తే బొగ్గు పొగ అటే వెళ్తుంది. ఆ పద్ధతిలో 47 శాతం తేలింది, సుమారు 3,300 టన్నులు. తనిఖీ కుర్రాడికి పద్ధతి వివరించడానికి పది నిమిషాలు పట్టింది. ఒక్క ప్రశ్న అడిగాడు: ధరల కోసం ఇదే పద్ధతి వాడతారా, దీనికోసం కొత్తగా చేశారా? ఐదేళ్ల కాస్ట్ షీట్లు ముందు పెట్టాం.

ఇవే అంకెలు ఇంకోచోట కూడా పనికొచ్చాయి. యూరప్‌లో చిన్న కొనుగోలుదారు ఒకరు వాళ్ల సుస్థిరత నివేదికల చట్టం పేరు చెప్పి వేరే ప్రశ్నావళి పంపారు. 2025 ఫిబ్రవరిలో యూరోపియన్ కమిషన్ ఆ చట్టం పరిధిని బాగా తగ్గించాలని ప్రతిపాదించింది, ఏప్రిల్‌లో చాలా కంపెనీలకు గడువు రెండేళ్లు వెనక్కి జరిగింది. చిన్న కంపెనీల కోసం స్వచ్ఛంద ప్రమాణం ఒకటి ఉంది, జూలై 30న కమిషన్ దాన్ని సిఫారసు చేసింది. ఆ నమూనాలో పేజీన్నర ఇచ్చాం. సరిపోయిందన్నారు.

నా పద్ధతిలో మారినవి

ఇప్పుడు ఎవరు ఫోన్ చేసినా మొదటి సమావేశంలో రెండు శాతాలు అడుగుతాను: ఆ కస్టమర్ మీకెంత, మీరు వాళ్లకెంత. మొదటిది మీరు ఎంత గట్టిగా మాట్లాడగలరో చెప్తుంది, రెండోది రూల్ మిమ్మల్ని తాకుతుందో లేదో చెప్తుంది. ఈ నిబంధనలు ఏడాదిలోనే రెండుసార్లు మారడం చూశాను కాబట్టి సర్క్యులర్ తేదీ చూడకుండా ఎవరికీ సలహా ఇవ్వను. ప్రతి అంకె పక్కన అది ఏ రిజిస్టర్ లోంచి వచ్చిందో, ఆ రిజిస్టర్ ఏ ప్రభుత్వ ఆఫీసుకి కూడా వెళ్తుందో రాసే వరుస ఒకటి పెట్టుకున్నాను. రిపేర్ల ఖాతా మొత్తం చదువుతాను, గ్యాస్ సిలిండర్లు అక్కడే దాక్కుంటాయి. హెచ్‌టీ బిల్లు మీద కేడబ్ల్యూహెచ్ కింద ఎర్ర పెన్నుతో గీత గీస్తాను, ఎవరు నవ్వినా సరే.

బోరు మీటరు ఆగస్టులో మార్చారు. పాత కంప్రెసర్ ఇంకా అలాగే ఉంది, కొటేషన్లు తెప్పించారు.

ఆ 41 ప్రశ్నల్లో ఒకటి 'మీ సప్లయర్లకు సగటున ఎన్ని రోజులకు డబ్బు చెల్లిస్తున్నారు?' అన్నది. అది నింపేటప్పుడు యజమాని చాలాసేపు నవ్వారు. మా సగటు 52 రోజులు. ఆ ప్రశ్న పంపిన కస్టమర్ మాకు చెల్లించేది 110 రోజులకి. "ఇది కూడా రాయొచ్చా అమ్మా?" అన్నారు. అడగలేదు కదా సార్, అన్నాను. ఈ ఏడాది రేటు కాంట్రాక్టు చర్చల్లో మాత్రం ఆయన ఆ 52ని తీసి టేబుల్ మీద పెట్టారట. 90 రోజులకు ఒప్పుకున్నారు.